మూర్ఛ గుట్టు విప్పిన గీతలు

ఈఈజీ గది చాలా ఇళ్లవాళ్లకు పరిచయమే. తలకు నూనె రాయకుండా, స్నానం చేయించి తీసుకురమ్మంటారు. పిల్లలైతే ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోబెట్టమంటారు. తలంతా జిగురు ముద్దలు, వాటిలోంచి రంగురంగుల వైర్లు. పక్కన కంప్యూటరు తెర మీద వంకరటింకర గీతలు పరుగెడుతుంటాయి. వాటిలో ఏముందో తెలియక టెక్నీషియన్ ముఖంలోకి చూస్తూ కూర్చునే తల్లిదండ్రులు ఎందరో! ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతున్నాయో చెప్పేవి ఆ గీతలే. రాబోయే ఫిట్స్‌ను ముందే పసిగట్టాలని చూస్తున్న యంత్రాలు, మొదలైన క్షణంలోనే అణచివేసే యంత్రాలు చదివేదీ ఆ గీతలనే. మనిషి మెదడు నుంచి వాటిని తొలిసారి కాగితం మీదికి తెచ్చింది జర్మనీకి చెందిన మానసిక వైద్యుడు హాన్స్ బెర్గర్. ఆయన గొప్ప పని చేశారు. చేయకూడని పనీ ఒకటి చేశారు. రెండూ చెప్పుకుంటేనే ఆయన కథ పూర్తవుతుంది.

బెర్గర్ 1873 మే 21న కోబుర్గ్ పట్టణం పక్కనున్న నోయ్‌జెస్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు. తల్లి ప్రసిద్ధ కవి ఫ్రెడరిక్ ర్యూకర్ట్ కూతురు. ఈ ర్యూకర్ట్ మనకు పూర్తిగా పరాయివాడేమీ కాదు. సంస్కృతం నేర్చుకుని, మహాభారతంలోని నలదమయంతుల కథను జర్మన్ భాషలోకి తెచ్చిన పండితుడాయన. తాతగారి కవిత్వం మాటెలా ఉన్నా, మనవడికి మాత్రం నక్షత్రాల మీద మోజు. గణితం, ఖగోళశాస్త్రం చదవాలని యేనా విశ్వవిద్యాలయంలో చేరారు. ఒక్క సెమిస్టర్‌తోనే మానేసి, ఏడాదిపాటు సైన్యంలో పనిచేయడానికి వెళ్లారు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే.

అప్పటికి ఇంకా కుర్రాడే. శిక్షణలో ఉండగా ఒకరోజు ఆయన ఎక్కిన గుర్రం బెదిరి ముందుకాళ్లెత్తింది. కిందపడ్డారు. ఎదురుగా గుర్రాలు లాక్కొస్తున్న ఫిరంగి బండి. చక్రం మీదికి రాబోయే ఆఖరి క్షణంలో బండి ఆగింది. చిన్న దెబ్బ కూడా తగల్లేదు గానీ గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే ఇంటినుంచి తండ్రి పంపిన టెలిగ్రాం అందింది. ఎలా ఉన్నావని అడుగుతూ! అంతకుముందెప్పుడూ తండ్రి అలా తంతి పంపింది లేదు. తమ్ముడికి ఏదో ప్రమాదం జరిగిందని అక్క ఒకటే కంగారుపడి, తండ్రి చేత పట్టుబట్టి పంపించింది.

మనలో చాలామంది దీన్ని రక్తసంబంధం అనో, కాకతాళీయం అనో అనుకుని ఊరుకుంటాం. బెర్గర్ ఊరుకోలేదు. ప్రాణభయంతో తన మెదడులో పుట్టిన శక్తి ఏదో దూరాన ఉన్న అక్కను తాకిందని గట్టిగా నమ్మారు. ఆ శక్తి ఏమిటో కొలిచి తీరాలనుకున్నారు. నక్షత్రాలను వదిలేసి వైద్యంలో చేరారు. 1897లో పట్టా పుచ్చుకుని యేనాలోనే మానసిక వైద్యశాలలో ఉద్యోగానికి కుదిరారు. ఇక జీవితమంతా ఆ ఆసుపత్రిలోనే గడిచింది.

ఆలోచన బరువెంత, వేడెంత, దాన్ని కొలిచేదెలా? మొదట మెదడులో రక్తం కొట్టుకునే తీరును కొలిచారు. ఆపరేషన్ల వల్ల పుర్రె ఎముకలో ఖాళీ ఏర్పడిన రోగులు ఇందుకు సహకరించేవారు. తర్వాత మెదడు ఉష్ణోగ్రత కొలిచారు. ఏవీ పెద్దగా ఫలించలేదు. అలా ఇరవై ఏళ్లు గడిచిపోయాయి. మధ్యలో 1911లో తన పరిశోధనల్లో సహాయకురాలిగా ఉన్న ఉర్సులాను పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లలు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి మానసిక వైద్యుడిగా పనిచేసి తిరిగొచ్చారు. 1919లో ఆసుపత్రికి డైరెక్టరయ్యారు. గడియారం చూసి నడిచే మనిషి. రౌండ్లు, పాఠాలు, ఓపీ అన్నీ నిమిషం తప్పేవి కావు. మితభాషి. ఆయన సాయంత్రాలు ఆసుపత్రి ఆవరణలోని ఓ చిన్న గదిలో తలుపేసుకుని ఏం చేస్తున్నారో తోటి డాక్టర్లకు కూడా సరిగా తెలియదు.

చేస్తున్నదల్లా మెదడులో విద్యుత్తు కోసం వెతకడమే. ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. 1875లోనే ఇంగ్లండ్‌లో రిచర్డ్ కేటన్ అనే డాక్టరు కుందేళ్లు, కోతుల మెదళ్లలో విద్యుత్తును గుర్తించారు. మనిషిలో దాన్ని పట్టడమే కష్టం. టార్చిలైట్‌లో వేసే సెల్ 1.5 వోల్టులు. తల మీదికి చేరేసరికి మెదడు విద్యుత్తు అందులో ముప్పై వేలో వంతు ఉంటే ఎక్కువ! కనురెప్ప కొట్టుకున్నా, దవడ బిగిసినా అంతకన్నా పెద్ద అలజడి రేగుతుంది. పైగా బెర్గర్‌కు విద్యుత్ పరికరాల గురించి అంతంతమాత్రమే తెలుసు.

1924 జులైలో ఓ 17 ఏళ్ల కుర్రాడిని పరీక్షించారు. మెదడులో కణితి ఉందన్న అనుమానంతో ఆపరేషన్ చేసి, పుర్రెలో కొంత ఎముక తీసేశారు. ఎముక అడ్డులేని ఆ చోట ఎలక్ట్రోడ్లు పెట్టి గాల్వనోమీటరుకు కలిపారు. అందులోని సన్నటి తీగ కదిలింది. చాలా కొద్దిగా, కానీ ఆగకుండా కదిలింది. బెర్గర్ దాన్ని వెంటనే లోకానికి చెప్పలేదు. అది మెదడుదా, రక్తనాళాలదా, చర్మానిదా అని తనను తానే అనుమానించుకుంటూ ఐదేళ్లు పరీక్షలు చేస్తూనే ఉన్నారు. తన తల మీద చేసుకున్నారు. టీనేజీలో ఉన్న కొడుకు క్లాస్ తలకు వెండి రేకులు కట్టి పదేపదే చేశారు. కాంతి కిరణం కదలికలు ఫొటో కాగితం చుట్ట మీద గీతలుగా పడేవి. కింద కాలం కొలిచే గీత, పైన కొడుకు మెదడు గీత.

1929లో, 56 ఏళ్ల వయసులో, మొదటి వ్యాసం ప్రచురించారు. ఈ గీతలకు ఎలక్ట్రోఎన్‌కెఫలోగ్రామ్ అని పేరు పెట్టారు. మనం ఈఈజీ అంటున్నది దాన్నే. కళ్లు మూసుకుని తీరిగ్గా ఉన్నప్పుడు సెకనుకు సుమారు పది సార్లు లేచిపడే తరంగాలకు ఆల్ఫా అన్నారు. కళ్లు తెరిచినా, లెక్క చేయమన్నా అవి మాయమై చిన్నవి, వేగమైనవి వస్తాయి. అవి బీటా.

స్పందన? దాదాపు లేదు. జర్మన్ డాక్టర్లు పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్లు నమ్మలేదు. టెలిపతీ మీద నమ్మకంతో వెతుకుతున్న, విద్యుత్తు తెలియని మానసిక వైద్యుడి మాట ఎవరు వింటారు? చివరికి 1934లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఎడ్గార్ ఏడ్రియన్, బ్రయాన్ మాథ్యూస్ అవే తరంగాలను చూపించారు. ఏడ్రియన్ అప్పటికే నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. సభలో తన తలకే వైర్లు పెట్టుకుని, కళ్లు మూసినప్పుడు ఆల్ఫా రావడం, తెరిస్తే పోవడం అందరికీ చూపించారు. ఘనత బెర్గర్‌దేనని నిజాయితీగా చెప్పారు. సాటి శాస్త్రవేత్త గొప్పతనాన్ని ఒప్పుకోవడం తేలికేం కాదు, ఏ కాలంలోనైనా.

అక్క భయం తమ్ముడికి తంతిగా మారిన రహస్యం మాత్రం ఈ గీతల్లో దొరకలేదు. తలను దాటి పోయేంత బలం ఆ విద్యుత్తుకు లేదని బెర్గర్‌కే అర్థమైంది. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. దొరికినదాని విలువ తెలిసింది మూర్ఛ రోగుల దగ్గరే.

మెదడు కణాలు మామూలుగా సంతలో జనంలా ఉంటాయి. ఎవరి మాట వాళ్లది, ఎవరి బేరం వాళ్లది. దూరం నుంచి వింటే సన్నటి గోల. మూర్ఛ వచ్చినప్పుడు ఆ జనమంతా భజనలో చప్పట్లు కొట్టినట్టు ఒకే లయలో పడతారు. గీత ఒక్కసారిగా ఎత్తుగా లేచిపడుతుంది. 1935లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ గిబ్స్, హాలొవెల్ డేవిస్, విలియం లెనాక్స్ ఒక విషయం చూపించారు. కొందరు పిల్లలు కింద పడరు, కొట్టుకోరు. కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతారు. టీచరు పరధ్యానం అనుకుంటుంది, అమ్మ పొగరనుకుంటుంది. అలాంటి క్షణాల్లో గీతలో సెకనుకు మూడుసార్లు సూది మొన, దాని వెనుక గుమ్మటం లాంటి అల కచ్చితంగా కనిపిస్తాయి. ఇప్పటికీ ఈఈజీ తీసేటప్పుడు పిల్లల్ని మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి ఊదమనేది అందుకే. అలా చేస్తే ఈ రకం మూర్ఛ గదిలోనే బయటపడుతుంది. అంతవరకు దయ్యమనో, గాలి సోకిందనో, పాపమనో అన్న జబ్బుకు మొదటిసారి కొలవగల ఆనవాలు దొరికింది.

ఇక ఇబ్బంది పెట్టే భాగం. 1933 జులైలో హిట్లర్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. వంశపారంపర్యం అని తాము ముద్ర వేసిన జబ్బులున్నవారికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్లు చేయొచ్చు. ఆ జాబితాలో మూర్ఛ ఉంది. ఎవరికి చేయాలో తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టారు. అందులో జడ్జీలతోపాటు డాక్టర్లూ కూర్చునేవారు. ఈ చట్టం కింద దాదాపు 4 లక్షల మందికి ఆపరేషన్లు జరిగాయని అంచనా. యేనాలో అప్పీళ్లు వినే పైకోర్టులో కూర్చున్న డాక్టర్లలో హాన్స్ బెర్గర్ ఒకరు.

చాలాకాలం ఆయన జీవిత చరిత్రల్లో ఇది లేదు. నాజీలకు తలవంచని మంచి డాక్టరు, అందుకే 1938లో ఆయన్ను పదవి నుంచి గెంటేశారు అని రాస్తూ వచ్చారు. తర్వాత చరిత్రకారులు పాత కాగితాలు తిరగేస్తే వేరే సంగతి తేలింది. ఆయన పార్టీ సభ్యుడు కారు. కానీ కోర్టులో కూర్చున్నారు. 65 ఏళ్లు నిండాకే పదవి నుంచి దిగారు. 1941లో మళ్లీ ఆ కోర్టులో పనిచేయమని పిలిస్తే సరేనన్నారు కూడా. ఆయన ఆవిష్కరణ గొప్పది కాబట్టి ఇది చిన్నదైపోతుందని నేననుకోను. మూర్ఛ దేవుడి శాపం కాదు, మెదడులో విద్యుత్ అలజడి అని అందరికన్నా ముందు కళ్లారా చూసిన కొద్దిమందిలో ఒకరాయన. అలాంటి మనిషి మూర్ఛ ఉన్నవాళ్లకు పిల్లలు కలగాలా వద్దా అని తీర్పు చెప్పే బల్ల దగ్గర కూర్చున్నారు.

నిజానికి చాలామందిలో మూర్ఛ వంశపారంపర్యం కాదు. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బలు, మెదడువాపు, పక్షవాతం వంటివి కారణం కావచ్చు. మన దేశంలో బద్దెపురుగు గుడ్లు శుభ్రంలేని తిండి, నీళ్ల ద్వారా కడుపులోకి చేరి, మెదడులో తిత్తులు ఏర్పడి ఫిట్స్ రావడం బాగా ఎక్కువ. కూరగాయలు, ఆకుకూరలు కడిగి తినడం, భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం కూడా ఫిట్స్‌ను నివారించే పద్ధతులే.

జర్మనీని చూసి ముక్కున వేలేసుకునే ముందు మన సంగతీ చూసుకోవాలి. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ మాటిమాటికీ వచ్చే మూర్ఛను పిచ్చితోపాటు ఒకే వాక్యంలో చేర్చి, పెళ్లికి అనర్హతగా పెట్టింది. 1999లో గానీ మూర్ఛ అన్న మాటను తొలగించలేదు. చట్టం మారి పాతికేళ్లు దాటింది. అయినా ఎన్ని ఇళ్లలో అమ్మాయి ఈఈజీ రిపోర్టు బీరువాలో చీరల అడుగున లేదు? పెళ్లయ్యాక అత్తారింట్లో తెలుస్తుందని మాత్ర మానేసి, ఆ వారంలోనే ఫిట్స్ తెచ్చుకునేవాళ్లు ఎందరు? మందు మానడం కన్నా పెద్ద ప్రమాదం మూర్ఛ రోగికి మరొకటి లేదు.

1937లో ప్యారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో బెర్గర్‌కు పెద్దపీట వేశారు. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు. మరుసటేడు పదవీ విరమణ. తర్వాత ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి. 1940లో పాత మోజు వదల్లేక టెలిపతీ మీద ఓ చిన్న పుస్తకం వేశారు. కుంగుబాటు ముదిరింది. వేలమంది మనసులకు వైద్యం చేసిన మనిషి 1941 జూన్ 1న, తాను నడిపిన ఆసుపత్రిలోనే, ఆత్మహత్య చేసుకున్నారు.

ఆయన గీతలు మాత్రం ఆగలేదు. కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. కెమెరా ముందు రోగిని రోజుల తరబడి ఉంచి తీసే వీడియో ఈఈజీ వచ్చింది. మందులకు లొంగని ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో దానితో తేల్చుకుని, ఆ కాస్త భాగాన్నే తీసేసే ఆపరేషన్లు మన దేశంలోనూ దశాబ్దాలుగా జరుగుతున్నాయి. డాక్టర్లను 1970ల నుంచి వేధిస్తున్న ప్రశ్న మరొకటి ఉంది. ఫిట్స్ వచ్చాక గీత చెబుతోంది సరే. రాకముందే చెప్పగలదా?

మూర్ఛ ఉన్నవాళ్లను నిజంగా బాధించేది ఆ అనిశ్చితే. నెలకు ఒకటో రెండో నిమిషాలే ఫిట్స్. మిగతా నెలంతా ఎప్పుడొస్తాయోనన్న భయం. బండి నడపాలన్నా, స్నానాల గది తలుపు గడియ పెట్టుకోవాలన్నా, పసిబిడ్డను ఎత్తుకోవాలన్నా జంకే. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 15 మంది రోగులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మెదడు పైపొర మీద ఎలక్ట్రోడ్లు, ఛాతీ చర్మం కింద ఒక పరికరం పెట్టారు. చేతిలో పట్టుకునే చిన్న యంత్రంలో మూడు దీపాలు. నీలం వెలిగితే ముప్పు తక్కువ, తెలుపైతే మధ్యస్థం, ఎరుపైతే ఫిట్స్ దగ్గర్లో ఉన్నాయని. కొందరిలో బాగా పనిచేసింది, కొందరిలో అంతగా పనిచేయలేదు. ఊహించని సంగతొకటి బయటపడింది. కొందరికి తాము డైరీలో రాసుకున్నవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఫిట్స్ వస్తున్నాయి. వాళ్లకే తెలియకుండా!

ఆ కంపెనీ డబ్బు అయిపోయి మూతపడింది. తలలో పెట్టినవన్నీ తీసేశారు. ఆ దీపాలకు అలవాటుపడి తొలిసారి ధైర్యంగా వంటింట్లోకి, వీధిలోకి వెళ్లగలిగిన ఒకామె, తీయొద్దని చివరివరకూ కోరింది. వినే వీలు లేకపోయింది.

అలా ఏళ్ల తరబడి తలలో ఉంచిన పరికరాల వల్ల ఇంకో మేలు జరిగింది. ఫిట్స్ ఎప్పుడుపడితే అప్పుడు వస్తాయనుకున్నది నిజం కాదని తేలింది. చాలామందిలో వాటికి ఒక చక్రం ఉంటుంది. రోజులో ఫలానా వేళ, లేదా 20-30 రోజులకోసారి ముప్పు పెరుగుతుంది. మగవాళ్లలో కూడా! దీన్ని బట్టి వాన రాకడ చెప్పినట్టు, ఫలానా రోజుల్లో జాగ్రత్త అని చెప్పే పద్ధతుల మీద పరిశోధనలు నడుస్తున్నాయి. వానను ఆపలేకపోయినా గొడుగు తీసుకెళ్లొచ్చు కదా.

ఆపే యంత్రాలూ వచ్చాయి. పుర్రెలో అమర్చే ఒక పరికరానికి 2013లో అమెరికా అనుమతించింది. అది రాత్రింబవళ్లు ఈఈజీ చదువుతూ, గీత తేడాగా లేవగానే అక్కడే చిన్న విద్యుత్ స్పందన పంపి అణచివేస్తుంది. తొమ్మిదేళ్లపాటు గమనిస్తే సగం మందిలో ఫిట్స్ నాలుగింట మూడు వంతులు, అంతకన్నా ఎక్కువ తగ్గాయి. మెడలోని వేగస్ నరానికి విద్యుత్ స్పందనలు పంపే పరికరం 1997 నుంచీ ఉంది. దాన్ని మన దేశంలోనూ పెడుతున్నారు. ఇక చేతి గడియారం లాంటివి. వీటిని కొనేముందు ఒకటి తెలుసుకోండి. అవి ఫిట్స్‌ను ముందే చెప్పవు. ఒళ్లు బిగుసుకుని కొట్టుకోవడం మొదలయ్యాక పసిగట్టి ఇంట్లోవాళ్ల ఫోనుకు కబురు పంపుతాయి. రాత్రి ఒంటరిగా పడుకునేవాళ్లకు అదీ చాలా విలువైనదే. నిద్రలో బోర్లాపడి ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది ఆ వేళలోనే.

ఇవన్నీ ఖరీదైన వ్యవహారాలు. మందులకు లొంగనివాళ్లకే ఎక్కువ అవసరం. సరైన మందు క్రమం తప్పకుండా వేసుకుంటే నూటికి 70 మందికి దాకా ఫిట్స్ రాకుండా ఆపొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. యాభై రూపాయల నోటు పుస్తకంలో తేదీ, వేళ, నిద్ర తక్కువైందా, మాత్ర మరిచారా, జ్వరం ఉందా అని రాసిపెడితే, మీ చక్రం మీకే కొంతవరకు కనిపిస్తుంది. వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పోయడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తండి.

ఈసారి ఈఈజీ గదిలో కూర్చున్నప్పుడు గమనించండి. టెక్నీషియన్ మొట్టమొదట కళ్లు మూసుకోమంటాడు. కాసేపాగి తెరవమంటాడు. మళ్లీ మూయమంటాడు. తెర మీద తల వెనుకభాగపు గీతల్లో సెకనుకు పదిసార్లు లేచిపడే అలలు వస్తూ పోతూ ఉంటాయి. యేనాలో ఓ తండ్రి కొడుకు తలకు వెండి రేకులు కట్టి చేసిన పరీక్ష అదే.